తాను మార కినుము... ఆ తర్వాత ఏమిటి?

సీతాకోక:
చెరకు ఇథనాల్ నుంచి ప్లాస్టిక్ ముడిసరుకు తయారుచేయడం గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. బ్రెజిల్‌లోని త్రియుంఫోలో 2010లో ఏటా 2 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ఇథిలీన్ కర్మాగారం కథ. ‘ఉత్ప్రేరకం’ (తాను ఖర్చవకుండా రసాయన చర్యను నడిపించే పదార్థం) దగ్గరకు వచ్చేసరికి ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు చదివిన పద్యపాదం గుర్తుకొచ్చింది, ఇక వదలడం లేదు. “తాను మార కినుము పసిడి చేయు.” పరుసవేది గురించే, తాను మారకుండానే ఇనుమును తాకి బంగారం చేసే రాయి. మిగతా పాదాలు ఎవరికైనా వచ్చా? వేమనదేనా?

పాతపుస్తకం:
ముందు అది పరుసవేది కాదు, పరుసవేధి. స్పర్శవేధి. తాకి లోహంలోకి చొచ్చుకుపోయేది. పాదరసంతో లోహాలను మార్చే పాత విద్య రసశాస్త్రంలో లేపవేధ, క్షేపవేధ, కుంతవేధ, ధూమవేధ, శబ్దవేధ అని ఐదు చెబుతారు. అన్నిటా ధకారమే. వేదం చదివే రాయి కాదది.

ప్రత్యయం:
స్పర్శను ‘పరుస’ అని తెలుగు చేసుకున్నాక తోకకు మాత్రం సంస్కృతపు ఒత్తు ఎందుకండీ? కథ కత అయింది, స్తంభం కంబం అయింది, వేధి వేది అయింది. స్పర్శవేధి అనండి, లేదా పరుసవేది అనండి. మీ పరుసవేధి పంచె మీద టై కట్టినట్టుంది.

పాతపుస్తకం:
శబ్దవేధిని శబ్దభేది చేసి కూర్చున్నవాళ్ళం మనం. వాడుకే ప్రమాణమంటే ఎక్కడ ఆగుతాం?

యతిప్రాస:
ద, ధ సంగతి తర్వాత. అసలు పాదమే కుంటుతోంది, ఎవరూ చూడలేదా? ఐదూ సూర్యగణాలే, ఆటవెలది సరిపాదం, బాగుంది. కానీ పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడు కుదరాలి కదా, ‘తా’కు ‘ప’ యతి ఎలా చెల్లుతుంది? పోనీ రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చూద్దామంటే ‘ను’కు ‘సి’ కుదరదు. నా లెక్కన అది “తాను మార కినుము ధాతు మార్చు” అయి ఉండాలి. వేమనదైతే నాలుగో పాదం మకుటానికి పోతుంది కనుక ఇది రెండోదే.

పాతపుస్తకం:
వేమన పసిడి చేశాడన్న కథ మా తాతగారు రాత్రి భోజనాలయ్యాక చెప్పేవారు, ప్రతిసారీ ఒక కొత్త మలుపుతో. ఆ కథ ఉంది కదా అని రాయి, ఇనుము ఉన్న ప్రతి పద్యాన్నీ ఆయన ఖాతాలో వేస్తే ఎలా? బ్రౌను 1829లో పద్యాలు అచ్చు వేయించేనాటికే తగిలింపులు ఉన్నాయి. విశ్వదాభిరామ అనడం ఎవరి చేతనైనా అవుతుంది. వేమన గొంతు అలా ఉండదు. ఆయన రాయిని పొగడడు, రాయిని వెతుక్కునేవాడిని తిడతాడు.

మడ్డిబెల్లం:
నాకు ఛందస్సు రాదు. ముప్ఫై ఏళ్ళు డిస్టిలరీలోనూ, పక్కనున్న రసాయనాల యూనిట్లోనూ పనిచేశాను. నా అభ్యంతరం ‘తాను మారక’ అన్న మాట మీదే. ఇథనాల్‌ను ఇథిలీన్ చేయడానికి ఉత్ప్రేరకంగా వాడే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు వేసేటప్పుడు సగ్గుబియ్యంలా తెల్లగా ఉంటాయి. కొన్నాళ్ళకు తీసి చూస్తే కాల్చిన మిరియాలే. పైన బొగ్గు పేరుకుంటుంది, వేడిగాలి పంపి దాన్ని కాల్చేయాలి. అలా కొన్నిసార్లు చేశాక గుళికలే పనికిరాకుండా పోతాయి.

ఇంకొకటి. పరుసవేదికి ఒక్కటే బుద్ధి, ఏది తాకినా బంగారం. ఇక్కడ అలా కాదు. ఇథనాల్ ఆవిరిని 350 డిగ్రీల దరిదాపుల్లో అల్యూమినా మీదుగా పంపితే నీరు విడిపోయి ఇథిలీన్ వస్తుంది. 46 కిలోలకు లెక్క ప్రకారం 28 కిలోలు, మిగతా 18 నీళ్ళే. వేడి తగ్గితే అదే గుళికల మీద ఈథర్ తయారవుతుంది. రాగి పెడితే పోయేది నీరు కాదు, హైడ్రోజన్. మిగిలేది ఎసిటాల్డిహైడ్. మెగ్నీషియా, సిలికా కలిపితే రబ్బరుకు ముడిసరుకైన బ్యూటాడయీన్. 1930లలో సోవియట్ వాళ్ళు లెబెదెవ్ పద్ధతిలో రబ్బరు చేసింది ఈ దారినే. మన దేశంలో కాశీపూర్‌లో 1989 నుంచి మొలాసిస్ (చెరకు మడ్డి) ఇథనాల్‌తో, పాలిస్టర్‌కు ముడిసరుకైన గ్లైకాల్ చేస్తున్నారు. సరుకు ఒకటే. ఏ రాయి పెట్టాం, ఎంత వేడి ఇచ్చాం అన్నదే తేడా.

ప్రత్యయం:
అద్భుతం. అయితే ఉత్ప్రేరకానికి కన్నడం వాళ్ళ మాట ‘వేగవర్ధక’ కూడా చాలదన్నమాట, అందులో వేగమే తప్ప దారి లేదు. తమిళులు ‘వినైయూక్కి’ అంటారు, పనిని ఉసిగొల్పేది. మన ‘ఉత్ప్రేరకం’ దానికి దగ్గర. చిత్రమేమిటంటే 1835లో స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ పెట్టిన ‘కెటాలిసిస్’ అన్న గ్రీకు పేరుకు ‘కిందికి విప్పడం’ అని అర్థం. ఆయన కిందికి విప్పాడు, మనం ‘ఉత్’ అని పైకి తోశాం.

సీతాకోక:
పద్యం సంగతి అడిగాను... సరే, మరో చిక్కు. ‘పునరుత్పాదక ఆల్కహాలు’ అని రాస్తే ఆల్కహాలే దేన్నో మళ్ళీ పుట్టిస్తున్నట్లు లేదూ? ‘సారా’ అని రాస్తే తాగేదనుకుంటారని సంపాదకుడు కొట్టేశారు.

ప్రత్యయం:
పునరుత్పాద్యం అనాలి. ఎవరూ అనరు. ‘చెరకు ఆల్కహాలు’ అనండి, పీడ వదులుతుంది.

అభ్యాసి:
సంపాదకుడిని తప్పు పట్టకండి, సుప్రీంకోర్టుకే తేలలేదు. పారిశ్రామిక ఆల్కహాలు రాజ్యాంగంలోని ‘మత్తు పానీయం’ కిందికి రాదని సింథటిక్స్ అండ్ కెమికల్స్ కేసులో 1989లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. వస్తుందని 2024 అక్టోబరులో తొమ్మిదిమంది ధర్మాసనం 8–1తో చెప్పింది. మొదటి కేసుకెక్కింది బరేలీలో ఆల్కహాలుతో రబ్బరు చేసే కంపెనీ. ఒక్క మాట అర్థానికి 35 ఏళ్ళు. మనం ద, ధ దగ్గర ఒక్క సాయంత్రమేగా గడిపాం.

పాతపుస్తకం:
ధ.

యతిప్రాస:
ఇందాక మా అన్నయ్యకు ఫోను చేశాను. ఆయన విన్నది “తాను మార కినుము దాని మార్చు” అట. ధాతు కాదు, దాని. యతి చక్కగా కుదిరింది.

ప్రత్యయం:
యతి కుదిరింది, అర్థం పోయింది. ఇనుము దేన్ని మార్చిందట? మారాల్సింది ఇనుమే కదా.

మడ్డిబెల్లం:
పోలేదండీ. అమ్మోనియా తయారీలో ఉత్ప్రేరకం ఇనుమే. తాను మారక, ఇనుము, దానిని మార్చును. అన్వయం సరిగ్గా ఉంది.

యతిప్రాస:
ఇనుముతో అమ్మోనియా తయారీ కర్మాగారంలో మొదలైంది 1913లో, అప్పుడు పద్యం ఆ తర్వాతది అవుతుంది. సీతాకోక గారూ, మీ మాస్టారు పద్యాలు రాసేవారా?