పై (π) విలువ 22/7 వేస్తే తప్పా?

ప్రశ్న: వ్యాసార్థం 7 సెం.మీ. ఉన్న వృత్తం చుట్టుకొలత మా పాప 44 అని రాస్తే, 43.96 రావాలని మార్కు కోసేశారు. తప్పెక్కడుందో నాకైతే అర్థం కాలేదు.

జవాబు 1: అసలు విలువ సుమారు 43.98 అండీ. 22/7 వేస్తే (44) కొంచెం ఎక్కువ, 3.14 వేస్తే (43.96) కొంచెం తక్కువ, నిజానికి 22/7యే కాస్త దగ్గర. రెండూ ఉజ్జాయింపులే కాబట్టి ఏది వాడాలో ప్రశ్నలోనే చెప్పాలి.

జవాబు 2: బట్టీ చదువులు ఇంతే. మావాడు 2.45ని దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటే ముందు 2.5 చేసి, మళ్లీ దాన్ని 3 చేశాడు. ఒకేసారి సవరిస్తే 2 కదా! రూలు మాత్రం గడగడా అప్పజెప్తాడు.

జవాబు 3: బట్టీని మరీ తిట్టకండి, ఎక్కాలు నోటికి రాకపోతే జవాబు ఇంచుమించు ఎంతో కూడా తట్టదు.

ప్రశ్న అడిగినవారు: పేపర్ మళ్లీ చూశా, పై విలువ ఇవ్వనేలేదు. రేపు వెళ్లి అడుగుతా.