మాల్టాలో చలికాలం మూడు నెలలు గడపాలంటే నిజంగా ఎంత ఖర్చవుతుంది?

కాకినాడ_హాంబర్గ్:
అందరికీ నమస్తే. మేం హాంబర్గ్‌లో 6 ఏళ్ల నుంచి ఉంటున్నాం. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే చీకటి పడిపోతుంది, వారాల తరబడి సూర్యుడు కనపడడు. పోయిన చలికాలం అమ్మ వచ్చి 2 నెలలు మాతో ఉంది. కీళ్ల నొప్పులు, పైగా బయట అడుగు పెట్టలేని చలి. కిటికీ దగ్గర కూర్చుని "ఇవాళైనా ఎండొస్తుందా నాన్నా" అని రోజూ అడిగేది, నా దగ్గర సమాధానం ఉండేది కాదు. అందుకే ఈసారి డిసెంబరు 20 నుంచి మార్చి 15 వరకు అమ్మ, నేను, నా భార్య మాల్టాలో ఉందామనుకుంటున్నాం. హాంబర్గ్ ఇంటి అద్దె ఎలాగూ కట్టాలి, అది కాక 6,000 యూరోలు పక్కన పెట్టాం. మాల్టా పక్కనే ఉన్న చిన్న దీవి గోజోలో పాతకాలం రాతి ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్, నెలకు 600కే చూశాను, ఫోటోల్లో చాలా బాగుంది. పెద్ద దీవి మీదున్న బుజిబ్బా ఊళ్లో 3వ అంతస్తు ఫ్లాట్ 900 చెప్తున్నారు. 300 తేడా కదా అని గోజో వైపే మొగ్గుతున్నాను. అక్కడ చలికాలం గడిపినవాళ్లు మీ అనుభవం, మీ లెక్కలు చెప్పండి ప్లీజ్.

సిరిసిల్ల_స్లీమా:
అన్నా, అడ్వాన్స్ ఇయ్యకముందే అడిగారు, మంచిదైంది. నేను ఇక్కడ నర్సుగా 5 ఏళ్ల నుంచి చేస్తున్నాను. ఒక్క మాట చెప్తా, మాల్టాలో చలి బయట ఉండదు, ఇంట్లో ఉంటది. జనవరిలో పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 9, 10. అంకె చూస్తే మన దగ్గర సంక్రాంతి పొద్దులాగే అనిపిస్తది. కానీ ఇక్కడి ఇళ్లు మెత్తని సున్నపురాయితో కట్టినవి, పాతవాటికి చలిని ఆపే పొర, ఇన్సులేషన్, ఉండదు, మీ జర్మనీలో లాగా గదికో రేడియేటర్ ఉండదు. చుట్టూ సముద్రం, గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, ఆ రాయి దాన్ని పీల్చుకుంటది. మధ్యాహ్నం బయట ఎండలో స్వెటర్ తీసేసి నడుస్తాం, ఇంట్లోకి రాగానే మళ్లీ తొడుక్కుంటాం. దుప్పటి రాత్రి ముట్టుకుంటే తడిసినట్టే ఉంటది. బట్టలు 3 రోజులైనా ఆరవు.

నేను వచ్చిన మొదటి ఏడాది హమ్రూన్‌లో అట్లాంటి గ్రౌండ్ ఫ్లోర్ గదిలోనే ఉన్నాను, చవక అని. జనవరి ఆఖరుకల్లా మంచం వెనక గోడంతా నల్లటి బూజు. నా చెప్పులకూ, మా ఊరి నుంచి తెచ్చుకున్న చీరకూ పట్టింది. దగ్గు నెలన్నర తగ్గలేదు. అమ్మగారికి కీళ్ల నొప్పులంటున్నారు కాబట్టి ఆ 600 ఇల్లు వద్దనే చెప్తాను. పై అంతస్తు, దక్షిణం వైపు కిటికీలు, వేడి గాలి ఇచ్చే ఏసీ, ఈ మూడూ ఉన్నది చూసుకోండి.

కాకినాడ_హాంబర్గ్:
అక్కా, చాలా థ్యాంక్స్. ఇంత తేమ ఉంటుందని ఎక్కడా చదవలేదు. గోజో ఇంటాయన గ్యాస్ హీటర్ ఇస్తానన్నారు, దానితో సరిపోదా?

పెన్నా_తీరం:
సోదరా, ఆ గ్యాస్ హీటర్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే 2 ఏళ్ల కిందట గోజోలో ష్లెండి దగ్గర 4 నెలలు ఉన్నాం, నేను, మా ఆవిడ, మా నాన్నగారు. సిలిండర్ల బండి హారన్ కొట్టుకుంటూ వీధిలోకి వస్తుంది, 12 కిలోల సిలిండర్ 15 యూరోల దగ్గర పడేది. చవకే కదా అని పొద్దున, రాత్రి వెలిగించేవాళ్లం, వారం పది రోజులకు ఒకటి అయిపోయేది. తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది, పొగగొట్టం లేని హీటర్ కాబట్టి అదంతా గదిలోనే ఉండిపోతుంది. వెచ్చగా ఉందనిపిస్తుంది కానీ అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి, గోడలు ఇంకా చెమ్మెక్కుతాయి. పైగా కిటికీ కాస్త తెరిచి పెట్టాలి, మూసేసి వెలిగిస్తే ప్రాణానికే ప్రమాదం. కిటికీ తెరిచి హీటర్ వేస్తే వేడి ఎక్కడ నిలుస్తుంది చెప్పండి.

చివరికి గాలిలో తేమ లాగేసే మెషీన్, డీహ్యూమిడిఫయర్, కొన్నాం, 170 యూరోలు. మొదటి రాత్రే డబ్బా సగం దాకా నీళ్లు, ఆ నీళ్లు చూసి మా నాన్నగారు ఇదంతా మనం పీల్చుకుంటున్నామా అన్నారు. అది వచ్చాక గది 17 డిగ్రీలున్నా హాయిగా ఉండేది. ముందే కొని ఉంటే సిలిండర్లకు పెట్టింది మిగిలేది. వెళ్లేటప్పుడు ఓనరు గోడమీది బూజు మరకలు మావల్లే వచ్చాయని డిపాజిట్‌లో 250 పట్టుకున్నాడు. దిగిన రోజు మేం గోడల ఫోటోలు తీసుకోలేదు, కాబట్టి వాదించడానికి ఏమీ లేకపోయింది. మీరు మాత్రం అల్మారాలు జరిపి మరీ వెనకాల ఫోటో తీసుకోండి, తేదీతో.

ఇంకో మాట, గోజో అందమైన చోటు, చలికాలంలో పొలాలన్నీ పచ్చగా, గట్ల నిండా పసుపు పూలు, మా నాన్నగారు రోజూ 4 కిలోమీటర్లు నడిచేవారు. కానీ ఈశాన్యం నుంచి గాలి లేస్తే, గ్రిగాల్ అంటారు, పడవలు ఆగిపోతాయి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన గాలివానకు మాల్టా వైపు షెమ్‌షీయా దగ్గర చేపలు సముద్రంలోంచి రోడ్డు మీదికి వచ్చి పడ్డాయి, ఇప్పటికీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మాకు ఒకసారి నాన్నగారికి స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ మాల్టా వైపు ఉంటే ఆ రోజే పడవ లేదు. ఎంత టెన్షన్ పడ్డామో. గోజో రేవు ఇమ్‌జార్, మాల్టా రేవు చిర్కేవ్వాల మధ్య తిరిగే పెద్ద పడవకు టికెట్ గోజో నుంచి తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు, మనిషికి 4.65, అది పెద్ద ఖర్చేం కాదు. పెద్దావిడతో అసలు ఇబ్బంది ఈ రాకపోకలే.

సిరిసిల్ల_స్లీమా:
పెన్నా అన్న చెప్పింది నిజం. కరెంటు సంగతి కూడా రాస్తా, అందరూ ఇక్కడే దెబ్బ తింటారు. సొంత నివాసంగా, ఇంట్లో ఎంతమంది ఉంటారో పేర్లతో నమోదైతే మొదటి 2,000 యూనిట్ల దాకా యూనిట్ 10 సెంట్ల పైచిలుకు. యూరప్‌లో ఇది చాలా తక్కువ. అట్లా నమోదు కాని ఇంటికి వేరే టారిఫ్, ఎక్కువ పడుతది. 3 నెలలకు వచ్చేవాళ్ల పేరు మీద ఓనర్లు మార్చరు, కొందరు తమ సొంత రేటు వేసి వసూలు చేస్తరు. యూనిట్‌కు ఎంతో కాగితం మీద రాయించుకోండి, దిగిన రోజు మీటరు ఫోటో తీసుకోండి. మాది 2 బెడ్‌రూముల ఫ్లాట్, ముగ్గురం, ఏసీ వేడి సాయంత్రం 4 గంటలు, డీహ్యూమిడిఫయర్ రాత్రంతా, గీజర్. జనవరి, ఫిబ్రవరి కలిపి నీళ్లతో సహా 190 వచ్చింది. మీకు వేరే టారిఫ్ కాబట్టి 3 నెలలకు 350 దాకా అనుకోండి.

ఏజెంట్ ద్వారా తీసుకుంటే సాధారణంగా సగం నెల అద్దె ఫీజు, దానిపైన 18 శాతం వ్యాట్. 900 అద్దెకు అది 531 అయితది. నేరుగా ఓనరుతో మాట్లాడుకుంటే అది మిగులుతది.

ఖానియా_చలికాలం:
మాల్టానే ఎందుకు, గ్రీసు దీవి క్రీట్ కూడా చూడండి అని చెప్దామని వచ్చాను. మేం అక్కడి ఖానియా పట్నంలో 2 చలికాలాలు గడిపాం. ఊళ్లో 2 బెడ్‌రూముల ఇల్లు మాకు 550కి దొరికింది, వేసవిలో అదే ఇంటికి వారానికి అంత అడుగుతారు. నవంబరు నుంచి జనవరి దాకా ఆలివ్ కాయలు రాలుస్తారు, పక్కింటివాళ్లు కొత్త నూనె 5 లీటర్ల డబ్బా ఇచ్చారు, ఆ నూనెతో పప్పు తాలింపు పెడితే వాసనే వేరు. వారానికోసారి వీధి సంత, లాయికీ అంటారు. హోర్తా అని అడవి ఆకుకూరలు కట్టలు కట్టలుగా అమ్ముతారు, ఉడకబెట్టి నిమ్మకాయ పిండుకుని తింటారు, మేం మాత్రం పప్పులో వేసుకునేవాళ్లం. నారింజలు కిలో యూరోకు అటూ ఇటూ.

కానీ మీకు సరిపడని విషయాలూ ఉన్నాయి, దాచకుండా చెప్తాను. జర్మనీ నుంచి నేరుగా వెళ్లే విమానాలు చాలావరకు అక్టోబరు చివరితో ఆగిపోతాయి, ఏథెన్స్‌లో మారాలి, లేదా ఏథెన్స్ పక్క రేవు పిరయుస్ నుంచి రాత్రంతా ఓడ ప్రయాణం. సముద్రం ఒడ్డున ఉన్న టూరిస్టు ఊళ్లు పూర్తిగా మూతపడతాయి, ఖానియా, ఇరాక్లియో లాంటి పట్నాల్లోనే జనం ఉంటారు. వానలు మాల్టా కంటే ఎక్కువ. మిద్దె మీద సోలార్ హీటరు ఉంటుంది కానీ మబ్బు పడితే చన్నీళ్లే, స్విచ్ వేసి కరెంటుతో కాచుకోవాలి. ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఆయిల్ హీటింగ్, దానికి మాకు నెలకు 130 దాకా అయ్యేది. మన బియ్యం, పప్పులు ఏథెన్స్ నుంచి తెప్పించుకున్నాం. డాక్టర్ల దగ్గర ఇంగ్లీషు నడుస్తుంది గానీ అమ్మగారికి వచ్చిన ఇంగ్లీషుతో ఒక్కరే కొట్టుకు వెళ్లడం కష్టం.

లక్ష్మి_గుంటూరు:
నేను వీసా సంగతి ఒక్కటే రాస్తానండి, మా అత్తగారి విషయంలో మేం పొరపాటు చేశాం కాబట్టి. షెంగెన్ వీసాకు, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసాకు, ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మీ అమ్మగారు దాదాపు అన్ని రోజులూ మాల్టాలోనే ఉంటారు కాబట్టి, కొడుకు హాంబర్గ్‌లో ఉన్నాడని జర్మనీ వీసాకు పెడితే కుదరదు. మేం అలా పెట్టి, హోటల్ కాగితాల్లో రోజులు సరిపోలక వీసా తిరస్కరించారు, ఫీజు పోయింది, అత్తగారు ఎంత బాధపడ్డారో. ఫీజు ఇప్పుడు పెద్దవాళ్లకు 90 యూరోలు. 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి, వయసును బట్టి ప్రీమియం పెరుగుతుంది, ముందే ఉన్న జబ్బులు అందులోకి వస్తాయో లేదో పాలసీలో చదవండి.

ఆ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు, దిగిన రోజూ బయలుదేరిన రోజూ లెక్కలోకే వస్తాయి. మీరు చెప్పిన తేదీలు నేను లెక్కపెట్టాను, 86 రోజులు. అమ్మగారిని తర్వాత హాంబర్గ్ తీసుకెళ్లాలనుకుంటే 4 రోజులే మిగులుతాయి, చూసుకోండి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ మీద వెళ్తే మీ ఇద్దరికీ ఇదే 90 రోజుల లెక్క. ఇంకో సంగతి, అక్కడ కూర్చుని జర్మనీ ఆఫీసు పని చేసేటట్టయితే కంపెనీ రాతపూర్వక అనుమతితో పాటు ఏ1 సర్టిఫికెట్ అడగండి. మీ సోషల్ సెక్యూరిటీ జర్మనీలోనే ఉందని చూపించే కాగితం అది.

లార్నకా_2021:
సైప్రస్ ఆలోచన ఎవరికైనా ఉంటే, అది ఇప్పటిదాకా షెంగెన్‌లో లేదు, అక్కడున్న రోజులు ఆ 90లో కలవవు. చేరే ప్రయత్నంలో ఉంది కాబట్టి వెళ్లే ముందు చూసుకోండి. ఎండ బాగా ఉంటుంది, కానీ లిమసోల్‌లో అద్దెలు మా వల్ల కాలేదు, లార్నకా కాస్త నయం. కరెంటు మాల్టా కంటే బాగా ఎక్కువ.

కాకినాడ_హాంబర్గ్:
లక్ష్మి గారూ, మీరు చెప్పకపోతే నేను జర్మనీ వీసాకే పెట్టేవాణ్ని. ఇప్పుడు తిండి ఖర్చు, అమ్మ డాక్టర్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? అమ్మకు అన్నం, పచ్చడి లేకపోతే గడవదు.

సిరిసిల్ల_స్లీమా:
అన్నానికి ఇబ్బంది లేదన్నా. ఇమ్‌సీదా, గ్జీరా, హమ్రూన్, బుజిబ్బా అన్ని చోట్లా మన ఇండియా కొట్లు ఉన్నయి, మొన్న సోనా మసూరి 10 కిలోలు 22కు తెచ్చిన. కరివేపాకు వారానికోసారి వస్తది, గోంగూర ఫ్రోజెన్. బెండకాయ, దొండకాయ మాత్రం కిలో 6, 7 అంటరు, అందుకే చలికాలంలో ఇక్కడి కాలీఫ్లవర్, క్యాబేజీ, బ్రాడ్ బీన్స్ మీదనే వండుకుంటం, బండి మీద అమ్మే కూరగాయలు సూపర్ మార్కెట్ కన్నా చవక. ముగ్గురికి నెలకు 450 పెట్టుకోండి. కుళాయి నీళ్లలో సముద్రపు నీటిని శుద్ధి చేసిందే ఎక్కువ, తాగొచ్చు గానీ రుచి నచ్చక చాలామంది బాటిళ్లు కొంటరు. బాటిల్‌కు 10 సెంట్ల డిపాజిట్, మెషీన్‌లో వేస్తే తిరిగొస్తది, పారెయ్యకండి.

డాక్టరంటే, ఫార్మసీలోనే వెనక గదిలో కూర్చుంటరు, మన దగ్గర మెడికల్ షాపుకు ఆనుకుని క్లినిక్ ఉన్నట్టే. 20, 25 యూరోలు తీసుకుంటరు, ఇంగ్లీషులో నిమ్మళంగా మాట్లాడుతరు. అమ్మగారి మందులు 3 నెలలకు సరిపడా ప్రిస్క్రిప్షన్‌తో తెచ్చుకోమనండి. బస్సులు ఇక్కడి నివాసితులకు ఉచితం, మీకు కాదు, డ్రైవర్ దగ్గర తీసుకుంటే మనిషికి 2 నుంచి రెండున్నర. 12 ప్రయాణాల కార్డు తీసుకుంటే చవక, ముగ్గురూ ఒకే కార్డు మీద ఎక్కొచ్చు. ఆదివారం మర్సాష్లోక్ చేపల సంతకు తీసుకుపోండి, కాకినాడ ఆవిడ కదా, అమ్మగారికి నచ్చుతది.

కాకినాడ_హాంబర్గ్:
అమ్మకు మీ పోస్టు ఫోన్‌లో చదివి వినిపించాను అక్కా, చేపల సంత అనగానే నవ్వింది. మా ఆవిడ, నేను కూర్చుని లెక్క వేశాం. బుజిబ్బా ఫ్లాట్ 3 నెలలకు 2,700, కరెంటు 350, డీహ్యూమిడిఫయర్ 170, తిండి 1,350, బస్సులు, గోజో ఒకటి రెండుసార్లు కలిపి 250, మా ఇద్దరి విమాన టికెట్లు సామాన్లతో 400, అమ్మ వీసా, ఇన్సూరెన్సు, డాక్టర్‌కు 350. మొత్తం 5,570. అమ్మ టికెట్ అన్నయ్య పెట్టుకుంటానన్నాడు. గోజో ఇంటాయనకు వద్దని రాసేశాను. బుజిబ్బా ఓనరు నేరుగా ఇస్తానన్నారు, ఏజెంట్ లేడు, కానీ చూడకుండా డబ్బు పంపాలంటే భయంగా ఉంది.

సిరిసిల్ల_స్లీమా:
పంపకండి. శనివారం నాకు నైట్ డ్యూటీ, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ. ఆ ఓనరు నంబరు నాకు మెసేజ్ చెయ్యండి, నేను పోయి చూసొస్తా. బెడ్‌రూం అల్మారా వెనక గోడ చేత్తో తాకి చూస్తా, కిటికీలు ఎటువైపున్నయో, మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుందో వీడియో తీసి పంపుతా. లిఫ్ట్ పని చేస్తుందో లేదో కూడా చూడాలె, 3వ అంతస్తు అన్నరు కదా, అమ్మగారికి మోకాళ్లు.

కాకినాడ_హాంబర్గ్:
లిఫ్ట్ సంగతి నాకు తట్టనే లేదు అక్కా. నంబరు పంపాను.