నీళ్లు లేకుండా కాలిన మామోడ్ బాయిలర్: సీసం టంకమా, వెండి టంకమా?

చిన్నచక్రం: బ్రిటన్‌లో పాత సామాన్ల సంతలో దొరికిన మామోడ్ ఎస్ఈ2 ఇది, ఇత్తడి బాయిలర్ ఉన్న బొమ్మ ఆవిరి ఇంజిను. నీళ్లు అయిపోయాక కూడా ఎవరో మంట ఉంచేశారు. బాయిలర్ కుడి చివర మూత అతుకు కరిగి, కింద గోధుమగింజంత బొట్టు వేలాడుతోంది. చాకు మొనతో గీస్తే మెత్తగా తెగి మెరుస్తోంది కాబట్టి సీసం టంకమే. మళ్లీ అదే పెట్టాలా, వెండి టంకం వెయ్యాలా?

పాతఇత్తడి: అదే పెట్టండి. బాయిలర్‌లో ఎక్కే గరిష్ఠ ఒత్తిడి 1.5 బార్ అనుకుంటే, అక్కడ ఆవిరి వేడి 128 డిగ్రీలు. 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 దగ్గర గానీ కరగడం మొదలెట్టదు. మధ్యలో 55 డిగ్రీలు ఉంది. ముందు సేఫ్టీ వాల్వ్, విజిల్ విప్పెయ్యండి. పాత టంకాన్ని వేడిచేసి గుడ్డతో తుడిచెయ్యండి. అంచులు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, ఫ్లక్స్ (టంకం అంటుకునేలా చేసే పూత) పూసి, మూతకీ బాయిలర్ అంచుకీ విడివిడిగా పల్చగా టంకం కళాయి పెట్టాక మూత ఎక్కించండి. మంట టంకం మీద పడకూడదు. ఇత్తడి వేడికే టంకం కరిగి సందులోకి పాకాలి. వెండి టంకమంటే 650 దాకా కాల్చాలి, ఇత్తడి ఒంగిపోయేంత మెత్తబడుతుంది.

కొలిమిదగ్గర: మీ 55 డిగ్రీలు నీళ్లున్నంతసేపే. నీటిమట్టం అతుకు కిందికి జారితే అక్కడి ఇత్తడిని చల్లబరిచేది ఏదీ ఉండదు, స్పిరిట్ మంటకి 183 దాటడం ఎంతసేపు? ఈ బాయిలర్‌కి జరిగింది అదే కదా. 55 శాతం వెండి ఉన్న టంకం 630 నుంచి 660 మధ్య పారుతుంది, ఇత్తడి కరగడానికి 900 దాటాలి. మూత వ్యాసం 40 మి.మీ. అనుకుంటే 1.5 బార్ దగ్గర దాని మీద 19 కిలోల తోపు. దాన్ని ఆపేది ఆ సన్నటి అతుకు గీతే.

మరచుట్టు: వాల్వ్ మార్చేటట్లయితే ఒక మాట. మామోడ్‌ది పావు అంగుళం, అంగుళానికి 26 మరలు. విలెస్కో అనే ఇంకో బొమ్మ ఇంజిన్ల కంపెనీది ఎం6×0.75, అంటే 6 మి.మీ. వ్యాసం, మరకీ మరకీ 0.75 మి.మీ. అది ఇందులో వదులుగా కూర్చుని పట్టినట్టే అనిపిస్తుంది. వాడకండి.

పాతఇత్తడి: నీళ్లు చూసుకోకపోవడం నడిపేవాడి తప్పు. దానికి టంకాన్ని ఎందుకంటారు? 128కీ 183కీ తేడా ఉందా లేదా, అది చెప్పండి.

కొలిమిదగ్గర: ఉంది. కానీ 183 కరిగే వేడి, బలం ఉండే వేడి కాదు. సీసం టంకం 120 దగ్గరే చల్లగా ఉన్నప్పటి బలాన్ని చాలావరకు పోగొట్టుకుని, బరువు కింద మెల్లగా సాగుతుంది.

పాతఇత్తడి: మళ్లీ 183 దగ్గరికే వచ్చారు. పోయినసారి విజిల్ చర్చలోనూ ఇంతే, నేను రాసింది సగం చదివి జవాబిచ్చారు. సీసం తగిలిన ఇత్తడిని 650 దాకా కాలిస్తే ఏమవుతుందో చెప్పరేం?

కొలిమిదగ్గర: చెబుతాను. మిగిలిన సీసం ఇత్తడిని తినేసి గుంటలు పెడుతుంది, వెండి టంకం అక్కడ అంటదు. అందుకే ఆకురాయితో కొత్త లోహం కనిపించేదాకా తీసెయ్యాలి. వాల్వ్ బుష్ (వాల్వ్ బిగించే మరల రింగు) కూడా సీసంతో అతికిందేమో చూసుకోవాలి, అయితే దాన్నీ ఊడదీసి మళ్లీ వెండితోనే వెయ్యాలి. ఫ్లక్స్‌గా వెలిగారం పనికిరాదు. అది పూర్తిగా కరిగేది 740 దగ్గర, ఈ టంకం అంతకు ముందే పారుతుంది. దీనికి ఫ్లోరైడ్ ఫ్లక్స్ కావాలి, కిటికీలు తెరిచి చెయ్యాలి. పాత వెండి టంకం కడ్డీల్లో కాడ్మియం ఉండొచ్చు, దాని పొగ విషం. పని అయ్యాక నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి కడగండి.

ఒత్తిడిముల్లు: ఏ టంకమైనా ముందు బాయిలర్‌ని వెలుతురులో తిప్పి చూడండి. పసుపు మధ్యలో గులాబి మచ్చలుంటే జింక్ వెళ్లిపోయి, బోలు రాగి మిగిలినట్టు. సూది మొనతో నొక్కితే రాలుతుంది. అలాంటిదాన్ని అతకొద్దు.

పాతఇత్తడి: దీనంతటికీ ఆకురాయి పట్టిస్తే ఫ్యాక్టరీ అతుకు, అంచు ఆకారం పోతాయి. అరలో పెట్టుకుని ఏడాదికోసారి వెలిగించే పాత వస్తువు అది. దాన్ని కొత్త కుక్కర్‌లా చేయమంటారా?

కొలిమిదగ్గర: ఏడాదికోసారి వెలిగిస్తారని చిన్నచక్రం గారు ఎక్కడ రాశారు?

చిన్నచక్రం: రాయలేదు, నా పొరపాటు. ఇది మా తొమ్మిదేళ్ల అమ్మాయి నడపడానికి.

పాతఇత్తడి: ఇది మొదటే తెలిస్తే నా జవాబు వేరేగా ఉండేది. నేను అరలో వస్తువు అనుకుని రాశాను. అమ్మాయి కోసమైతే సీసం వద్దు, మీరు చేసే వెండి టంకమూ వద్దు. మొదటిసారి చేసే అతుకు పిల్ల మొహానికి అడుగు దూరంలో ఉండకూడదు. కొత్త బాయిలర్ కొని బిగించండి, పాతది దాచుకోండి.

కొలిమిదగ్గర: ఇక్కడ ఒప్పుకోను. పరీక్ష నిలిస్తే ఇంట్లో చేసిన అతుకూ మంచిదే. నిలవకపోతే కొత్తది కొనండి.

ఒత్తిడిముల్లు: పరీక్ష నీళ్లతోనే, చల్లగా చెయ్యాలి. లోపల గాలి బుడగ లేకుండా నింపి, ఒత్తిడి మీటరున్న చేతిపంపుతో 1.5కి రెట్టింపు, అంటే 3 బార్ ఎక్కించి పావుగంట ఉంచండి. నీరు నొక్కినా కుదించుకుపోదు కాబట్టి అతుకు చీలినా చుక్క కారి మీటరు ముల్లు పడిపోతుంది, అంతే. అదే గాలితో అయితే మూత ఎగిరి తగులుతుంది. ముల్లు కదలకుండా ఉంటే, తర్వాత ఆవిరి ఎక్కించి సేఫ్టీ వాల్వ్ 1.5 లోపే తెరుచుకుంటోందో లేదో చూడండి. స్ప్రింగ్ తుప్పుపట్టి ఉంటే వాల్వే మార్చండి.

చిన్నచక్రం: బుష్ దగ్గర కందిగింజంత గులాబి మచ్చ ఉంది. సూది దిగింది.

కొలిమిదగ్గర: అయితే పాతఇత్తడి గారు చెప్పినట్టు కొత్త బాయిలరే. వాల్వ్ కూడా కొత్తదే తీసుకోండి.