ఏడాది ముందు ముగిస్తే 4 వేల డాలర్లు, ఆరు నెలల ముందైతే సున్నా: ఇది న్యాయమేనా?

ఇద్దరు పిల్లల అమ్మ:
అందరికీ నమస్కారం. మాది అమెరికాలో ఇండియానాపోలిస్ దగ్గర. ఇండియానా రాష్ట్రంలో పబ్లిక్ హైస్కూల్‌ని, అంటే 9 నుంచి 12వ తరగతి దాకా ఉండే ప్రభుత్వ బడిని, కనీసం ఒక ఏడాది ముందు పూర్తి చేసి, వెంటనే రాష్ట్రంలోని కాలేజీలో చేరిన పిల్లలకి మిచ్ డానియల్స్ ఎర్లీ గ్రాడ్యుయేషన్ స్కాలర్‌షిప్ కింద ఒకసారి 4,000 డాలర్లు ఇస్తారు. 2011లో అప్పటి గవర్నర్ డానియల్స్ పట్టుబట్టి తెచ్చిన పథకం ఇది. ఆయన వాదన నాకు నచ్చింది. 11వ తరగతికే అన్నీ అయిపోయిన పిల్లలు 12లో ఊరికే కూర్చోవడం ఎందుకు, వాళ్ల మీద రాష్ట్రం పెట్టబోయే డబ్బులో కొంత వాళ్ల చేతికే ఇద్దాం అన్నాడు.

రెండేళ్ల కింద మా బాబు ఈ దారిలో వెళ్దామనుకున్నాడు. వాళ్లకి అప్పుడున్న కోర్ 40 అనే హైస్కూల్ డిప్లొమాకి మొత్తం 40 క్రెడిట్లు (ఒక సబ్జెక్టు ఒక సెమిస్టర్ పాసైతే ఒక క్రెడిట్) కావాలి, అందులో ఇంగ్లిష్‌వి 8. వాడు 11లో ఉండగా మే నెలలో ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల, క్రెడిట్ల పట్టిక) ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని లెక్కేశాం. మొత్తం 43 ఉన్నాయి. ఇంగ్లిష్ దగ్గర మాత్రం 7. ఆ ఒక్కటి వేసవిలో చేద్దామంటే స్కూల్లో ఆ క్లాసు పెట్టలేదు. బయట ఆన్‌లైన్‌లో చేసి బదిలీ చేయించుకోవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు, ఆ సంగతి సెప్టెంబర్‌లో వేరే తల్లి ద్వారా తెలిసింది. ఆ ఒక్క ఇంగ్లిష్ కోసం వాడు ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా స్కూలుకి వెళ్లాడు. డిసెంబర్‌లో డిప్లొమా, జనవరిలో కాలేజీ.

స్కాలర్‌షిప్ అడిగితే 12వ తరగతిలో అడుగు పెట్టాడు కాబట్టి రాదన్నారు. సగం కూడా రాదు. జనవరి నుంచి మే దాకా వాడి సీటు, బస్సు, టీచర్ టైం అన్నీ స్కూలుకి మిగిలాయి కదా? అందులో వాడి వాటా ఏమైంది? యూటా రాష్ట్రంలో సెంటెనియల్ స్కాలర్‌షిప్ అని ఇలాంటిదే ఒకటి పెట్టారు. డబ్బు చిన్నదే, గరిష్ఠం వెయ్యి డాలర్లు ఉండేది. కానీ సీనియర్ ఇయర్ (12వ తరగతి) మధ్యలో ముగించిన పిల్లలకి కూడా ఎంత ముందైతే అంత మేరకు ఇచ్చేవారు. ఆ పద్ధతి ఇక్కడ ఎందుకు కుదరదో చెప్పండి.

ఫిషర్స్ నాన్న:
అమ్మా, మాది మీ దగ్గర్లోని ఫిషర్స్ ఊరు. మీ బాధ అర్థమైంది, కానీ మీతో ఏకీభవించలేను. ఎక్కడో ఒక చోట గీత గీయాలి. డిసెంబర్‌కి సగం ఇస్తే, మార్చిలో ముగించినవాళ్లు పావు అడుగుతారు. పైగా నా అభ్యంతరం అసలు పథకం మీదే. పదిహేడేళ్లకే పిల్లల్ని బడి నుంచి తొందరగా పంపడానికి డబ్బు ఇవ్వడమేంటి?

లెక్క చూడండి. ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీ పర్డ్యూలో ఇండియానా పిల్లలకి ట్యూషన్, ఫీజులు కలిపి ఏడాదికి 9,992 డాలర్లు. 2013 నుంచీ పెంచలేదు. అదే పిల్లవాడు 12వ తరగతిలో ఉండి ఇండియానా కాలేజ్ కోర్ (హైస్కూల్లోనే చదవగలిగే కాలేజీ కోర్సుల కట్ట) పూర్తి చేస్తే 30 కాలేజీ క్రెడిట్ అవర్లు వస్తాయి, రాష్ట్రంలోని పబ్లిక్ కాలేజీలన్నీ వాటిని తీసుకుంటాయి. అంటే కాలేజీలో దాదాపు ఒక ఏడాది తగ్గుతుంది. హైస్కూల్లోనే చెప్పే ఐవీ టెక్ కమ్యూనిటీ కాలేజీ డ్యూయల్ క్రెడిట్ క్లాసులకి (బడికీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చేవి) పిల్లల దగ్గర ఫీజు కూడా తీసుకోరు. 4 వేలు తీసుకుని వెళ్లినవాడి కంటే ఉండిపోయినవాడికే లాభం ఎక్కువ. మా పెద్దమ్మాయి దాదాపు అలాగే చేసింది. ఇంట్లో అన్నం తింటూ, తన గదిలో పడుకుంటూ 27 కాలేజీ క్రెడిట్లు సంపాదించింది.

ఇద్దరు పిల్లల అమ్మ:
అన్నయ్యగారూ, మీ స్కూల్లో ఆ కోర్సులన్నీ ఉన్నాయి. అన్ని స్కూళ్లలో లేవు. కాలేజ్ కోర్ మొత్తం తమ దగ్గరే పూర్తి చేయించలేని స్కూలు పిల్లవాడు 12లో ఏం చేయాలి? మా వాడు ఆ నాలుగు నెలలూ ఒక ఇంగ్లిష్ క్లాసు, రెండు స్టడీ హాళ్లు (పాఠం లేని ఖాళీ పీరియడ్లు), ఒక టీచర్ దగ్గర సహాయకుడి పని. సాయంత్రం ఇంటికొచ్చి "ఈ రోజు ప్రింటర్‌లో కాగితాలు పెట్టానమ్మా" అనేవాడు.

హైస్కూల్ టీచర్ (మ్యాథ్స్):
నేను ఇక్కడ పబ్లిక్ స్కూల్లో పదకొండేళ్లుగా చెబుతున్నాను. ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఈ స్కాలర్‌షిప్ సంగతి పిల్లలకి చెప్పాల్సింది ఎవరు? ఆచరణలో స్కూల్ కౌన్సెలర్, అంటే పిల్లలకి కోర్సుల విషయంలో సలహా ఇచ్చే ఉద్యోగి. కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని వాళ్ల జాతీయ సంఘం సిఫారసు. ఇండియానాలో మనం దానికి చాలా దూరంలో ఉన్నాం. షెడ్యూళ్లు మార్చడం, పరీక్షలు పెట్టించడం, ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని ఓదార్చడం అన్నీ ఆ ఒక్క మనిషే. వాళ్లని నేను తప్పు పట్టను.

ఇక స్కూలుకి వచ్చే డబ్బు పిల్లల తలల లెక్క మీద వస్తుంది. ఇప్పుడు రాష్ట్రం ఒక్కో పిల్లకి ఇచ్చే మూల మొత్తమే 6 వేల డాలర్లకు పైన. 12వ తరగతి పిల్ల ఒకరు ముందే వెళ్లిపోతే ఆ డబ్బు స్కూలుకి రాదు. ఏ ప్రిన్సిపాలూ దీన్ని దాచిపెట్టడం నేను చూడలేదు. కానీ తనకి నష్టం కలిగించే వార్తని ఏ సంస్థయినా ముందుకొచ్చి గట్టిగా చెబుతుందా?

మా దగ్గర 8వ తరగతి చివర్లో పిల్లలతో ఒక ప్లానింగ్ షీట్ నింపిస్తాం. నాలుగు నిలువు గడులు ఉంటాయి: 9, 10, 11, 12. మూడేళ్లలో ముగించొచ్చని ఆ కాగితం మీద ఎక్కడా లేదు. పోయినసారి ఒకమ్మాయి నాలుగో గడి కొట్టేసి, అందులోని ఇంగ్లిష్‌ని బాణం గుర్తుతో 11 గడిలోకి లాగింది. వాళ్ల అన్నకి ఈ స్కాలర్‌షిప్ వచ్చిందట, అందుకే తెలుసు. తెలిసిన ఇంటి పిల్లలకే మళ్లీ తెలుస్తోంది.

పర్డ్యూ జూనియర్:
నేను 17కే కాలేజీకి వచ్చాను, ఆ 4 వేలు నాకు వచ్చాయి. డబ్బు నేరుగా కాలేజీ అకౌంట్‌లో పడింది. మొదటి సెమిస్టర్‌లో హెల్త్ సెంటర్‌లో ప్రతి చిన్నదానికీ అమ్మ సంతకం కావాలన్నారు. టెన్షన్ పడ్డాను, కానీ బతికే ఉన్నాను. మన ఊళ్లలో ఇంటర్ అయ్యేసరికి 17 ఏళ్లే కదా, మా నాన్న ఆ వయసుకే గుంటూరు హాస్టల్లో ఉన్నాడు. అంకుల్, వయసు గురించి మరీ భయపడకండి.

హెచ్4 పిల్లల నాన్న:
మా ఇంట్లో ఈ చర్చే వేరు. రాష్ట్ర సాయానికి పౌరసత్వమో, అర్హత ఉన్న ఇమిగ్రేషన్ స్టేటసో కావాలి, మా లాంటి హెచ్1బి వీసా వాళ్ల మీద ఆధారపడి హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకి ఆ అర్హత లేదు. అయినా మా అమ్మాయిని ఏడాది ముందే ముగించమన్నాం. 21 నిండితే డిపెండెంట్ స్టేటస్ పోతుంది. అప్పటికి డిగ్రీలో ఎంత వీలైతే అంత అయిపోవాలని మా తాపత్రయం. మాకు 4 వేలు కాదు, ఆ ఏడాదే కావాలి.

ఫిషర్స్ నాన్న:
టీచర్ గారు చెప్పిన ప్లానింగ్ షీట్ సంగతి నాకు కొత్త. పథకం ఉన్నంతకాలం అందరికీ తెలియాలి, అందులో వాదన లేదు. మా అమ్మాయికి ఉండిపొమ్మని నేను చెప్పానంటే, రెండు దారులూ నాకు తెలుసు కాబట్టే చెప్పాను. ఆ అవకాశం అందరికీ ఉండాలి.

ఇద్దరు పిల్లల అమ్మ:
సంతోషం అన్నయ్యగారూ. జనవరిలో అసెంబ్లీ మొదలవుతుంది. మా ప్రతినిధికి లెటర్ రాస్తున్నాను. రెండే అడుగుతున్నాను. ఒకటి, డిసెంబర్‌లో ముగించినవాళ్లకి 2 వేలు. రెండోది, 8వ తరగతిలోనే ప్రతి ఇంటికీ స్కూలు ద్వారా కాకుండా, స్కాలర్‌షిప్‌లు చూసే హయ్యర్ ఎడ్యుకేషన్ కమిషన్ నుంచే నేరుగా ఒక ఉత్తరం. అందులో మూడేళ్ల దారి, కాలేజ్ కోర్ దారి పక్కపక్కనే ఉండాలి, ఇంగ్లిష్ 8 క్రెడిట్ల సంగతి పెద్ద అక్షరాల్లో ఉండాలి. మీ పిల్లల్లో ఎవరైనా డిసెంబర్‌లో ముగించి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, లెటర్‌లో ఆ సంగతీ రాస్తాను.

ఫిషర్స్ నాన్న:
రెండో దాని కింద నా సంతకం కూడా పెట్టించుకోండమ్మా. మొదటి దాని కింద మాత్రం వద్దు.