అమ్మను ఆపరేషన్ తర్వాత ట్యూబుతోనే ఇంటికి పంపిస్తారట, ఎలా చూసుకోవాలి?

నకిరేకల్ అబ్బాయి:

వచ్చే గురువారం హైదరాబాద్‌లో అమ్మకు ఆపరేషన్. ఎడమ రొమ్ము తీసేసి, చంకలో గడ్డలు కూడా తీస్తామన్నారు. వయసు 52. కీమో ముందే అయిపోయింది, జుట్టు ఇప్పుడిప్పుడే నూగులా వస్తోంది. ఆపరేషన్ గురించి డాక్టర్ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు, అందులో నాకు అనుమానాల్లేవు. టెన్షన్ అంతా ఆ తర్వాత సంగతి. మూడో రోజో నాలుగో రోజో, గాయం లోపలి నీరు బయటికి రావడానికి పెట్టే ట్యూబూ, దాని చివర డబ్బా అలాగే ఉంచి పంపిస్తారట. నాన్న లేరు. అక్క కువైట్‌లో ఉంది. ఇంట్లో నేనూ అమ్మే. అమ్మ నాకు గాయం కాదు కదా, స్కాన్ రిపోర్టు కూడా సరిగ్గా చూపించలేదు. మెలకువ వచ్చేటప్పుడు ఎలా ఉంటుంది, ఇంటికొచ్చాక ఎవరు ఏం చేశారు, చూసినవాళ్ళు చెప్పండి.

ఖమ్మం టైలరక్క:

బాబూ, నాకు 2022 ఫిబ్రవరిలో ఇదే ఆపరేషన్, కుడివైపు. కుడి చెయ్యి అనగానే నా ఏడుపంతా కుట్టుమిషన్ గురించే.

మెలకువంటే నిద్ర లేచినట్టుండదు. "అమ్మా, కళ్ళు తెరవండి" అని ఎవరో పిలుస్తున్నారు, నన్ను కాదులే అనుకున్నా. తర్వాత చలి. పళ్ళు టకటకా కొట్టుకుని మంచం కదిలిపోయింది. మత్తు దిగేటప్పుడు అలా వణుకొస్తుందట. వెచ్చటి గాలి ఊదే దుప్పటి కప్పితే కాసేపటికి తగ్గింది. ఊపిరి కోసం గొట్టం వేస్తారు కదా, గొంతంతా గరగర. నీళ్ళడిగితే ఇవ్వలేదు, దూది తడిపి పెదాలకద్దారు. మీ అమ్మ ఎంత బతిమాలినా నువ్వు చాటుగా నీళ్ళు పట్టకు. మత్తు పూర్తిగా దిగకముందు తాగి వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

నేను మొదట తడుముకుంది మెడ. లోపలికి తీసుకెళ్ళేముందు పుస్తెలు, మెట్టెలు, గాజులు అన్నీ తీయించారు. మా అత్తమ్మ వాటిని జేబురుమాలులో మూటగట్టి బొడ్లో దోపుకుని బయటే కూర్చుందట. వార్డులోకి తెచ్చాక ఆవిడే మళ్ళీ మెడలో వేసింది. అప్పుడుగానీ కిందికి చూసుకోలేదు. చూసినా కట్టు తప్ప ఏం కనబడలేదు.

నాలుగో రోజు డిశ్చార్జి. పొద్దున 10 గంటలకన్నారు, ఇన్సూరెన్స్ కాగితం వచ్చేసరికి సాయంత్రం 5 దాటింది. ఏడు గంటలు మంచం అంచునే కూర్చున్నా, నొప్పి మాత్ర టైము కూడా దాటిపోయింది. నువ్వు మాత్రలు ముందే కొని జేబులో పెట్టుకో. కారెక్కడానికి అరగంట ముందు ఒకటి వేయొచ్చా అని సిస్టర్‌ని అడుగు. మేం మీ నకిరేకల్ మీదుగానే వచ్చాం. చంక కింద చిన్న దిండు, బెల్టుకీ గాయానికీ మధ్య ఇంకోటి. హైవే మీద ఏం తెలియలేదు, మా వీధి మొదట్లో రెండు స్పీడ్ బ్రేకర్లున్నాయి చూడు, అవే ప్రాణం తీశాయి.

ఇక ఆ డబ్బా. నాకిచ్చింది ముడతలు ముడతలుగా ఉండి హార్మోనియం తిత్తిలా అణుగుతుంది. అణిచి మూత పెడితే మెల్లగా పైకి లేస్తూ లోపలి నీరు లాక్కుంటుంది. రోజూ ఒకే టైముకి ఒంపి కొలవాలి. మొదటి రెండు రోజులు నేనే బాత్రూంలో తలుపేసుకుని ఎడమచేత్తో తంటాలు పడ్డా. మా వాడు ఇంటర్ చదువుతున్నాడు, వాడికెలా చూపిస్తాం? మూడో రోజు సగం నేలపాలైంది. వాడు తలుపు కొట్టి, "నువ్వు కప్పుకో, నాకు డబ్బా ఒక్కటీ ఇవ్వు చాలు" అన్నాడు. నిజంగా అంతే బాబూ. గాయం చూడక్కర్లేదు. చేతులు కడుక్కుని, దగ్గుమందు కొలిచే గిన్నెతో కొలిచి, గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రాసేవాడు. 110, 90, 70, 45. ఆ మర్నాడు మళ్ళీ 75. ఎందుకంటే నేను అర బకెట్ నీళ్ళెత్తాను. వాడు ఆ అంకె చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు, వాళ్ళ లెక్కల మాస్టారిలా! 28, 25 వచ్చాక పన్నెండో రోజున ట్యూబు తీశారు. తీసేటప్పుడు లోపల పాము జారినట్టనిపిస్తుంది, ఒక్క క్షణమే.

పథ్యం గురించి మా ఇంట్లో యుద్ధమే జరిగింది. వంకాయొద్దు, గోంగూరొద్దు, పెరుగు తింటే చీము పడుతుందని అత్తమ్మ. డాక్టరమ్మ మాత్రం గుడ్లు, పప్పు, చేపలు బాగా తినమంది. పదో రోజుకి నేనే గుత్తివంకాయ వండించుకు తిన్నా.

సర్జరీ వార్డు సిస్టర్:

అక్క చెప్పింది సరిగ్గా ఉంది. చాలామంది సర్జన్లు వరసగా రెండు రోజులు 30 మి.లీ. లోపు వస్తే ట్యూబు తీస్తారు, కానీ మీ డాక్టర్ చెప్పిన అంకే లెక్క. మొదట ఎర్రగా వచ్చి, తర్వాత గులాబీ రంగు, ఆఖరికి పసుపు నీరులా మారాలి. తగ్గాక మళ్ళీ ముదురు ఎరుపు వచ్చినా, గంటల్లో డబ్బా నిండినా, అణిచిన వెంటనే లేచిపోతున్నా, చలిజ్వరం వచ్చినా, గాయం చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, ఫోన్ చేయండి. ఆ చేతికి బీపీ పట్టీ, సూది వద్దని ఊళ్ళో ఆర్‌ఎంపీకి కూడా ముందే చెప్పి ఉంచండి. పిడికిలి ముడిచి తెరవడం మర్నాటి నుంచే చేయించండి. భుజం పైకెత్తేది డాక్టర్ చెప్పాకే. ఆపరేషన్‌లో తీసిన భాగం బయాప్సీ రిపోర్టుకి వారం, రెండు వారాలు పడుతుంది, దాని కోసం రోజూ ఫోన్ చేసి మీరు నలిగిపోకండి.

డల్లాస్ బావగారు:

ఇక్కడ మా ఆవిడను మర్నాడే ఇంటికి పంపేశారు, అదీ రెండు డ్రెయిన్లతో (ఈ ట్యూబూ డబ్బానే అలా అంటారు). నర్సు నాకు ఒక్కసారి చూపించి, "ఇప్పుడు మీరు చేయండి" అంది. చేతులు వణికాయి. మీరూ డిశ్చార్జికి ముందు సిస్టర్ ఎదురుగా ఒకసారి చేసి చూపించండి. అదొక్కటి చాలు, ఇంట్లో భయం సగమైపోతుంది.

నకిరేకల్ అబ్బాయి:

అందరికీ థాంక్స్. అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. క్యాలెండర్ దగ్గర నవ్వింది. డబ్బా చేత్తో పట్టుకుని తిరగాలా అని అడుగుతోంది.

ఖమ్మం టైలరక్క:

అయ్యో, అసలు సంగతి మర్చిపోయా. ముందు బొత్తాలుండే కాటన్ నైటీలు రెండు కొను, తలమీంచి వేసుకునేవి పనికిరావు. ట్యూబు ఎడమవైపు కదా, అటే లోపలివైపు జానెడు జేబు కుట్టించు. నడుం కన్నా నాలుగు వేళ్ళు కిందికి రావాలి, డబ్బా ఎప్పుడూ గాయం కన్నా కిందే ఉండాలి. పిన్నీసు పెట్టకు, నిద్రలో ఊడి గుచ్చుకుంటుంది. జేబు మూతికి తాడు వద్దు, ఒక బొత్తాం చాలు, ఒంటిచేత్తో తీసుకోగలగాలి కదా. మీ దగ్గర టైలర్ ఎవరూ కుట్టకపోతే కొలత చెప్పు, బుధవారంలోపు నేనే కుట్టి బస్సులో వేస్తా.