పాత ఊక మీద కొత్త పిల్లలు: మేలా, ముప్పా?

గోదావరి రైతు: గత బ్యాచ్ కోళ్లకు రోగం రాలేదు. షెడ్డు నేల మీద వాటి కింద పరిచిన ఆ ఊకలో గడ్డలు తీసి, కొత్తది కలిపి కొత్త కోడిపిల్లలను దించవచ్చని ఒకరు, మొత్తం ఎత్తేసి సున్నం కొట్టాలని మరొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

వెటర్నరీ శ్రీను: దించండి. నాటుకోడి పిల్ల తల్లి వెంట తిరుగుతూ, తల్లి రెట్ట పడిన మట్టిలోనే గింజలు ఏరుకుంటుంది. మేలు చేసే సూక్ష్మజీవులు దాని పేగులోకి అలా చేరతాయి. హేచరీలో యంత్రంతో పొదిగిన పిల్ల తల్లిని చూడనే చూడదు. దాని పేగులోకి ముందు ఏది వస్తే దానిదే చోటు. 1971లో ఫిన్లాండ్ కోళ్లలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ప్రబలింది. నూర్మి, రాంటాలా అనే శాస్త్రవేత్తలు పెద్దకోడి పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టించారు. అవి సాల్మొనెల్లాను తట్టుకున్నాయి. ఆ ఫలితం 1973లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పెద్దకోడి చేసే పనిని పాత ఊక కొంతైనా చేస్తుంది.

పల్లె పౌల్ట్రీ: వాళ్లు తీసుకున్నది ఆరోగ్యంగా ఉన్న కోడి నుంచి. ఊకకు హామీ ఎవరిస్తారు? పాత ఊక మీద దించిన మా బ్యాచ్ రక్త విరేచనాలతో పోయింది.

వెటర్నరీ శ్రీను: అది కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి, బ్యాక్టీరియా కాదు. నేను చెప్పేది వేరు.

పల్లె పౌల్ట్రీ: రెండూ ఆ ఊకలోనే ఉంటాయి కదండీ! కాక్సిడియా మామూలు క్రిమిసంహారకాలకు కూడా లొంగదు.

కోనసీమ: పాత ఊకలోని రెట్ట నుంచి వచ్చే అమోనియా మాట ఎవరూ ఎత్తరేం? షెడ్డులో నిలబడితే కళ్లు మండిపోతాయి.

వెటర్నరీ శ్రీను: కాక్సిడియా కొద్దిగా సోకితే పిల్లకు రోగనిరోధక శక్తి వస్తుంది, టీకా కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. అన్నిటికీ భయపడి పేగును ఖాళీగా ఉంచి, తర్వాత యాంటీబయాటిక్ పోయడమే మన అలవాటు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించేదాకా తెచ్చుకున్నాం.

పల్లె పౌల్ట్రీ: మీరు ఏనాడైనా చచ్చిన పిల్లలను బుట్టకెత్తారా? మాది కాంట్రాక్టు పెంపకం: పిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, ఊక, కరెంటు నావి. పాత ఊకే చాలన్నది వాళ్ల సూపర్‌వైజరు. పిల్లలు పోయాక పెంపకం డబ్బులో కోత పడింది నాకు. మీ సిద్ధాంతం తప్పితే ఆ నష్టం ఎవరు కడతారు?

వెటర్నరీ శ్రీను: కోత సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. ఊక ఎంపిక వాళ్లదైతే నష్టం కూడా వాళ్లే భరించాలి. అయినా పేగు గురించి నేనన్న మాటలో మార్పు లేదు.

గోదావరి రైతు: నాదీ కాంట్రాక్టే. ఒప్పందంలో ఊక ప్రస్తావనే లేదు. సూపర్‌వైజరు చెప్పేది కాగితం మీద రాసిస్తేనే పాతది ఉంచుతాను, లేకపోతే మొత్తం ఎత్తేస్తాను. శ్రీను గారూ, పెద్దకోడి పేగు నుంచి తీసి, రోగకారకాలు లేవని పరీక్షించిన మందు మన దగ్గర దొరుకుతుందా?