సిల్డెనాఫిల్ ఆడవాళ్ళు వేసుకోవచ్చా? మా అమ్మకి రాశారు

ఎంవీపీ_అమ్మాయి:
అందరికీ నమస్తే. అడగడానికి మొహమాటంగానే ఉంది గానీ తప్పట్లేదు. మా అమ్మకి 61. ఆర్నెల్లుగా ఆయాసం, సింహాచలం మెట్ల సంగతి దేవుడెరుగు, మా ఇంటి మొదటి అంతస్తు ఎక్కడానికే మధ్యలో ఆగిపోతోంది. ఎకో తీశారు, ఇంకేవో టెస్టులు చేశారు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎక్కువుందని చెప్పి సిల్డెనాఫిల్ 20 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు రాశారు. చీటీ పట్టుకుని మా వీధి చివర మందుల షాపుకి వెళ్తే, ఆ కుర్రాడు చీటీ చూసి, అమ్మని చూసి, పక్కవాడితో ఏదో గుసగుసలాడి నవ్వాడు. "ఇది మగాళ్ళదండీ, డాక్టరు గారు పొరపాటున రాసుంటారు" అన్నాడు. అమ్మ మొహం మాడిపోయింది. మాత్రలైతే తెచ్చాం గానీ చచ్చినా వేసుకోనంటోంది, నాన్నకి చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకుంది. నెట్‌లో వెతికితే అంతా వయాగ్రా గోలే. నిజంగా ఆడవాళ్ళకి ఇస్తారా ఇది?

బీచ్‌రోడ్డు_బాబాయి:
నాన్నగారికి ఇచ్చేయమ్మా, వేస్ట్ అవ్వదు 😄

గాజువాక_గృహిణి:
బాబాయి గారూ, ఆ షాపు కుర్రాడికీ మీకూ తేడా ఏటండీ? ఆవిడ తల్లి గురించి అడుగుతోంది.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని, గుండె వార్డులో తొమ్మిదేళ్ళు చేశాను. పొరపాటు కాదమ్మా, సరిగ్గానే రాశారు. అసలు ఈ మందుని మొదట్లో గుండెనొప్పి కోసం పరీక్షించారు, మగవాళ్ళకి పనికొస్తుందన్నది ఆ పరీక్షల్లో బయటపడ్డ సంగతి. 1998లో అమెరికాలో దానికే వయాగ్రా అన్న పేరుతో అనుమతి వచ్చింది కాబట్టి ఆ పేరే ఊరంతా పాకింది. రక్తనాళాల్ని వదులు చేయడమే దీని పని, ఆ పని ఊపిరితిత్తుల్లో కూడా చేస్తుంది. అందుకే 2005లో అదే మందుకి వేరే పేరు పెట్టి, ఈ ప్రెషర్ జబ్బుకని ఆడామగా ఇద్దరికీ అనుమతిచ్చారు. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్ళకే, ఆ కుర్రాడికి ఎవరైనా చెప్పండి. రోజుకి మూడుసార్లు ఎందుకంటే నాలుగు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. మొదట్లో తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ ఉండొచ్చు.

గాజువాక_గృహిణి:
ఆ తలనొప్పి నాకు తెలుసు 🙈 పేరు లేదు కాబట్టి చెప్పేస్తున్నా. నాకు 44. రెండేళ్ళుగా ఆ విషయంలో మనసు పోవట్లేదు, మా ఆయన ఎక్కడో విని తన 50 మాత్ర సగం విరిచి ఇచ్చారు, ఆడవాళ్ళకీ పనిచేస్తుందట అని. అరగంటకి చెవులు ఎర్రగా కాలిపోయాయి, కణతలు పగిలిపోయేంత నొప్పి, అమృతాంజనం రాసుకుని పడుకున్నాను, అంతే ఆ రాత్రి. తర్వాత సిగ్గు పక్కనపెట్టి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్తే, నెలసరి ఆగిపోయే వయసుకి వచ్చే పొడితనం అది అన్నారు. రాసుకునే క్రీమ్ ఇచ్చారు, థైరాయిడ్ కూడా చూపించుకోమన్నారు. ఆ పొడితనం వల్ల కలయికలో వచ్చే నొప్పి పోయాక మనసు దానంతటదే కొంత మారింది. మాత్ర అక్కర్లేకపోయింది.

మద్దిలపాలెం_పుస్తకం:
అక్కా, మీకొక్కరికే కాదు. కంపెనీ వాళ్ళే దాదాపు 3,000 మంది ఆడవాళ్ళ మీద చూసి 2004లో వదిలేశారు. రక్తం పారడం వేరు, ఇష్టం పుట్టడం వేరు అని తేలింది. కోరిక కోసం ఆడవాళ్ళకి ఈ మందుకి ఇప్పటికీ అనుమతి లేదు. 2015లో అమెరికాలో ఆడవాళ్ళకని వచ్చిన ఫ్లిబాన్సెరిన్ పూర్తిగా వేరే మందు, అది మెదడు మీద పనిచేస్తుంది. దాన్ని పేపర్లు "ఆడవాళ్ళ వయాగ్రా" అని రాసి ఇంకా కలగాపులగం చేశాయి.

పెందుర్తి_పిన్ని:
మా చెల్లెలికి కడుపులో బిడ్డ ఎదగట్లేదంటే, ఎవరో చుట్టాలు వాట్సాప్‌లో ఈ మాత్ర పేరే పంపారు. అదృష్టం కొద్దీ డాక్టరుని అడిగాం, వద్దన్నారు. 2018లో నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఇలాంటి తల్లులకి ఇచ్చి చూస్తూ, పుట్టిన పిల్లలు కొందరు ఊపిరితిత్తుల సమస్యతో చనిపోతే మధ్యలోనే ఆపేశారట. గర్భంతో ఉన్నవాళ్ళు సొంతంగా అస్సలు ముట్టుకోవద్దు.

నైట్‌డ్యూటీ:
ఎంవీపీ అమ్మాయీ, ఒక్క మాట. అమ్మ ఇంకేం మందులు వాడతారు?

ఎంవీపీ_అమ్మాయి:
బీపీ మాత్ర ఒకటి. రోజూ అంతే. నాన్నకి స్టెంట్ వేశారు, ఆయన సార్బిట్రేట్ ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటుంది. అమ్మకి ఛాతీ పట్టేసినట్టుంటే ఎప్పుడైనా అదే ఒకటి నాలుక కింద పెట్టుకుంటుంది. ఈ సంగతి డాక్టరుకి చెప్పలేదు, అడగలేదు కూడా ఆయన.

నైట్‌డ్యూటీ:
అమ్మో! అది ఆపించు, ముందు అది. సిల్డెనాఫిల్ వేసుకునే మనిషి సార్బిట్రేట్ పెట్టుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదకి వస్తుంది. ఆడైనా మగైనా అంతే. సిల్డెనాఫిల్ మాత్ర వేసుకున్నాక కనీసం 24 గంటలు సార్బిట్రేట్ జాతి మందేదీ తగలకూడదు, అమ్మ రోజుకి మూడు వేసుకుంటారు కాబట్టి ఇక ఎప్పుడూ తగలకూడదన్నట్టే. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పు, ఆయన సరేనన్నాకే మొదటి మాత్ర. ఇంకోటి, నాన్నకి చెప్పకుండా కుదరదు. రాత్రి అమ్మకి నొప్పి వస్తే ఆయన మొదట చేసే పని ఆ డబ్బా తెరవడమే కదా?

ఎంవీపీ_అమ్మాయి:
అది నిజం. చేతులు వణుకుతున్నాయి చదువుతుంటే.

బీచ్‌రోడ్డు_బాబాయి:
ఇందాకటి మాటకి సారీ తల్లీ. నా జేబులోనూ సార్బిట్రేటే ఉంటుంది, ఈ విషయం నాకూ తెలీదు.

ఎంవీపీ_అమ్మాయి:
మూడు రోజుల తర్వాత వచ్చాను. డాక్టరు మళ్ళీ పిలిచి ఈసీజీ తీశారు, బీపీ మందు చూశారు, సార్బిట్రేట్ ముట్టొద్దని చీటీ మీద ఎర్ర పెన్నుతో రాశారు, మాత్ర మొదలుపెట్టమన్నారు. ఒట్టు తీసి గట్టుమీద పెట్టి నాన్నకి చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇందులో సిగ్గేటే పిచ్చిదానా" అని అమ్మని కసిరి, తన డబ్బా తీసుకెళ్ళి బీరువాలో తన బట్టల మధ్య పెట్టుకున్నారు. రెండో నెల మాత్రలు తనే తెస్తారట, కేజీహెచ్ ఆసుపత్రి ఎదురు షాపులకి వెళ్తానంటున్నారు, మా వీధి చివరకి మాత్రం వెళ్ళరట. ముక్కు దిబ్బడగా ఉందని అమ్మ గొణుగుతోంది. అవునూ, కొన్ని షాపుల్లో 20 లేదు, 25 ఉంది అంటున్నారు, అది ఇవ్వొచ్చా?

నైట్‌డ్యూటీ:
షాపువాళ్ళ మాట మీద మార్చొద్దు, రాసినాయన్నే అడుగు. దొరక్కపోతే రెండు రోజుల ముందే చూసుకోండి, మధ్యలో ఆపేయకూడదు.